హాల్వర్ ముక్కు

ఫిబ్రవరి రెండో వారం వచ్చిందంటే ఆర్డిస్‌కి మొగుడు ఉన్నా లేనట్టే లెక్క. మోంటానా గడ్డిమైదానాల్లో అది కయోటీలకు ఎర పెట్టే కాలం. నక్కకి అన్న, తోడేలుకి తమ్ముడు అనదగ్గ ఆ జంతువుకి దేవుడు ముందు ముక్కు చేసి, మిగతా ఒళ్ళు తర్వాత తీరిగ్గా అతికించాడని హాల్వర్ అంటాడు. అందుకని ఆ ఆరేడు వారాలూ అతని పనిబట్టలు ఇంట్లోకి రావు. వెనక కొట్టంలో, మనిషి వాసన కప్పేసే సేజ్ అనే ఘాటు మొక్క రెమ్మల మధ్య మేకులకి వేలాడతాయి. సబ్బు ముట్టుకోడు, వంటసోడాతో ఒళ్ళు రుద్దుకుంటాడు. పనిబట్టలు వేసుకున్నాక పెళ్ళాం దగ్గరికి రాకూడదు. కాఫీ కప్పు గుమ్మంలో పెట్టి ఆమె నాలుగడుగులు వెనక్కి తగ్గితే, అప్పుడొచ్చి తీసుకుంటాడు.

పెళ్ళయిన కొత్తలో ఆర్డిస్ దీనికి ఏడ్చింది. కొన్నాళ్ళకి తిట్టడం మొదలుపెట్టింది. ఆ తర్వాత నవ్వడం అలవాటైంది.

“నువ్వు కట్టుకుంది నన్నా, కయోటీలనా? ఏదో ఒకటి తేల్చి చెప్పు,” అనేది.

“వాటికి నేనంటే గిట్టదు. నీకు గిట్టుతుంది. అంతే తేడా,” అనేవాడు హాల్వర్ కాఫీ ఊదుకుంటూ.

ఇలా నలభై ఆరేళ్ళు గడిచాయి. ఇద్దరిలో ఒకరికి డెబ్బై దాటింది, ఇంకొకరికి దాటబోతోంది. ఆ చుట్టుపక్కల నలభై మైళ్ళలో హాల్వర్ ముక్కు చెప్పిందంటే ఇక దానికి అప్పీలు లేదు. మాంసం ముక్క వాసన చూసి అది ఎరకి ఇవాళ పనికొస్తుందో ఎల్లుండి పనికొస్తుందో చెప్పేవాడు. కంచె పక్కన నిలబడి, కయోటీ నిన్న పోయిందో మొన్న పోయిందో చెప్పేవాడు. గొర్రెలవాళ్ళు అతన్ని పిలిచేటప్పుడు ఉచ్చుల సంగతి అడగరు, ముక్కు ఖాళీగా ఉందా అని అడుగుతారు.

ఆ ఏడు పిలిచింది ట్రూడీ. ముప్పై ఏళ్ళు కూడా నిండని పిల్ల. తండ్రి పోయాక తొంభై గొర్రెలతో ఒంటరిగా నెట్టుకొస్తోంది. చిన్నప్పుడు ఆదివారాలు చర్చి బడిలో ఆర్డిస్ దగ్గర బైబిలు కథలు విన్నది. కిందటి వసంతంలో ఆమె మందలో ముప్పై ఒక్క గొర్రెపిల్లల్ని కయోటీలు చంపేశాయి.

“ఈసారీ ఇలాగే అయితే మంద అమ్మేసి పట్నం పోతా, హాల్వర్,” అంది ట్రూడీ, వంటగదిలో నిలబడే. “పని చెయ్యడానికి నాకేం బద్ధకం లేదు. కానీ పొద్దున్నే లేచి చచ్చిన పిల్లల్ని ఏరుకోవడం ఇంక నా వల్ల కాదు.”

“మార్చి ఇరవైకి కదా ఈతలు మొదలయ్యేది? ఈలోపు నేను చూసుకుంటా. నువ్వు పట్నం పోతే మా ఆవిడ నన్ను బతకనివ్వదు,” అన్నాడు హాల్వర్. మాటిచ్చాడంటే ఇచ్చినట్టే.

ఆ పిల్ల పొలంలో ఆరు చోట్లు ఎంచాడు. గడ్డకట్టిన నేలని గడ్డపారతో తవ్వి, చచ్చిన ఆవు మాంసం ముక్కలు కొట్టి పాతాడు. కయోటీ ముక్క నోట కరుచుకుని పారిపోకూడదు, గీరుకుని గీరుకుని రోజూ కొంచెం తిని మళ్ళీ రావాలి. పైనుంచి గద్దల కంట పడకుండా కంప కప్పాడు. రెండు వారాలు ఉచ్చు మాటే ఎత్తలేదు. కయోటీలు రావడం, తినడం, ధైర్యం తెచ్చుకోవడం మాత్రం దూరం నుంచి చూస్తూ ఊరుకున్నాడు. అంతా అనుకున్నట్టే జరిగింది.

ఇక ఉచ్చులు పెట్టాలి అనగా ఆర్డిస్ ఆ పని చేసింది.

చెడు ఉద్దేశంతో చేసింది కాదు. హాల్వర్ కుడిచేతి తొడుగు బొటనవేలి దగ్గర చిరిగి, ఆ సందులోంచి చలి తగిలి వేలు తెల్లబడింది. మనిషి పైకి చెప్పడు. ఆర్డిస్ అతను భోజనం చేసి కునుకు తీస్తుండగా కొట్టంలోంచి తొడుగులు తెచ్చి వంటగది బల్ల మీద పెట్టుకుని కుట్టింది. కుట్టడం అయ్యాక చూస్తే బల్ల మీద పొద్దుటి పంది కొవ్వు మరక. అది కాస్తా తోలుకి అంటుకుంది.  వాసన లేని సబ్బు అయిపోయి వారమైంది. చేతికి అందింది గిన్నెలు తోమే నిమ్మ సబ్బు. దాంతోనే తోమి, మూడుసార్లు కడిగి, పొయ్యి పక్కన ఆరబెట్టి, మళ్ళీ మేకుకి తగిలించింది. సాయంత్రం చెప్పేద్దాం, తిట్లు తినేద్దాం అనుకుంది.

హాల్వర్ లేచి తొడుగులు చేతిలోకి తీసుకున్నాడు. కుట్టు చూశాడు. ఎప్పటిలాగే ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు సగం మూసి, గట్టిగా పీల్చాడు.

“బాగా కుట్టావే,” అన్నాడు. అంతే.

అమ్మయ్య, కడిగితే వాసన పోయింది అనుకుంది ఆర్డిస్. హాల్వర్ ముక్కే ఏమీ అనకపోతే ఇక అనేవాళ్ళెవరు? ఆ ధీమాతో నోరు మూసుకుంది.

ఎనిమిది రోజులైంది. ఆరు చోట్లలో ఒక్క ఉచ్చూ మూసుకోలేదు. కొత్తగా పడ్డ మంచు మీద అడుగులు స్పష్టంగా ఉన్నాయట. కయోటీలు ఎప్పటిలాగే వచ్చాయి, ఉచ్చుకి పదడుగుల దూరంలో ఆగాయి, చుట్టూ తిరిగి చూశాయి, వచ్చిన దారినే పోయాయి.

“నాకేం అర్థం కావట్లేదు,” అన్నాడు హాల్వర్ గుమ్మం అవతలి నుంచి. “మూడు చోట్లలో ఎరని కూడా వదిలేశాయి. నేనేదో తప్పు చేశా. ఏంటో తెలీట్లేదు. నలభై ఏళ్ళలో ఇలా ఎప్పుడూ లేదు, ఆర్డిస్.”

ఆర్డిస్ తేలు కుట్టిన దొంగలా ఉండిపోయింది. అతను కట్టెలు కొట్టడానికి వెళ్ళగానే కొట్టంలోకి పరిగెత్తింది. తొడుగులు ముక్కు దాకా తేనక్కర్లేదు, మేకు మీద ఉండగానే నిమ్మ వాసన గుప్పుమంది. వారం రోజులు మంచులో తిరిగినా పోలేదు. ఇది కయోటీ దాకా ఎందుకు, చర్చి చివరి బెంచీలో జలుబు చేసి కూర్చున్న ముసలమ్మ కూడా పసిగడుతుంది. మరి హాల్వర్?

అప్పుడు ఆమెకి ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. కిందటి నెలలో పాలు విరిగిన సంగతి చెప్పకుండా గ్లాసంతా తాగాడు. రొట్టె అడుగంటి ఇల్లంతా పొగ వాసన వస్తుంటే పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. వయసు కదా, పరధ్యానం కదా అనుకుంది తను.

మర్నాడు పొద్దున్న ఆర్డిస్ ఒక పరీక్ష పెట్టింది. స్కంక్ అనే కంపు జంతువు గ్రంథి రసం సీసా ఒకటి కొట్టంలో ఉంటుంది. కయోటీలని దూరం నుంచి రప్పించడానికి ఒక్క చుక్క చాలు. మూత తీస్తే మనిషికి కళ్ళమ్మట నీళ్ళొస్తాయి. వెనక అరుగు మీద హాల్వర్ కూర్చునే కుర్చీ కింద దాని మూత తీసి పెట్టి, తను వంటగదిలో తలుపు వేసుకుని, ముక్కు మూసుకుని కిటికీ అద్దంలోంచి చూసింది. పిల్లి ఒక్క గెంతులో కంచె దూకింది. హాల్వర్ వచ్చాడు, కూర్చున్నాడు, కాఫీలో చక్కెర కలుపుకుంటున్నాడు. చీమ కుట్టినట్టయినా లేదు.

ఆర్డిస్‌కి నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. తలుపు తీసుకుని వెళ్ళింది.

“హాల్వర్.”

“ఊఁ.”

“స్కంక్ సీసా మూత తీసి నీ కుర్చీ కింద పెట్టా.”

చెంచా ఆగిపోయింది. “ఎప్పుడు?”

“నువ్వు కూర్చోకముందే.”

హాల్వర్ వంగి చూశాడు. సీసా తీసి, మూత బిగించి, మోకాలి మీద పెట్టుకుని దాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఆర్డిస్ ముక్కుకి ఏప్రన్ అంచు అడ్డం పెట్టుకుని పక్కన కూలబడింది.

“ఎప్పట్నించి?”

“జనవరిలో జ్వరం తగిలింది చూడు, అప్పట్నించి. ముందు జలుబేమో అనుకున్నా. జలుబు పోయింది. ఇది రాలేదు.”

“మరి రోజూ నా కాఫీ బాగుందంటున్నావుగా?”

“నలభై ఆరేళ్ళనించీ అంటున్నా. ఇప్పుడు మానేస్తే అనుమానం రాదూ?”

“ముసలి దొంగా! నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే ఏమవుతుంది? ముక్కు లేనివాడు ఎర ఎలా పెడతాడు, ఆర్డిస్? ఇన్నేళ్ళూ నా చేతుల్ని కాదు, ముక్కునే కదా పిలిచారు. ఆ ట్రూడీ పిల్ల నన్ను నమ్ముకుని కూర్చుంది. కళ్ళతో, గుర్తులతో నెట్టుకొద్దామనుకున్నా. కుదర్లేదు. ఇవాళ వెళ్ళి చెప్పేస్తా. వేరే ఎవర్నైనా చూసుకోమంటా.”

“ఆగాగు,” అంది ఆర్డిస్. “పాడైంది నీ ముక్కు వల్ల కాదు. నా నిమ్మ సబ్బు వల్ల.” అని మొత్తం చెప్పేసింది. పంది కొవ్వు దగ్గర్నుంచి, పొయ్యి పక్కన ఆరబెట్టడం దాకా.

హాల్వర్‌కి కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ముక్కు పోయినా కోపం మాత్రం అక్కడే ఉందని తెలిసింది. లేచి అరుగంతా అటూ ఇటూ తిరిగాడు.

“నిమ్మ సబ్బా! ఆరు చోట్లు! కయోటీ ఒకసారి అనుమానపడ్డ చోటికి ఆ ఏడాదంతా కాలు పెట్టదు, తెలుసా నీకు? నేను వాసన చూశానే!”

“చూశావు. నేను నీ ఎదురుగానే ఉన్నా. గట్టిగా పీల్చి మరీ చూశావు. నువ్వు చూశాక ఇంక నాకు సందేహమెందుకు?”

హాల్వర్ గోడ వైపు తిరిగాడు. తర్వాత అతని భుజాలు కదిలాయి. ఆర్డిస్ భయపడింది, కానీ అతను నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని మళ్ళీ కూర్చున్నాడు.

“కాఫీ పోతే పోయింది,” అన్నాడు కాసేపటికి, ఆమె వైపు చూడకుండా. “పడుకున్నప్పుడు నీ వాసన తెలీట్లేదు. అదే చేతకావట్లేదు నాకు. పక్కన ఉన్నావో లేదో చెయ్యేసి చూసుకుంటున్నా.”

ఈమధ్య నిద్రలో అతను భుజం తడుముతుంటే ముసలితనంలో ముద్దెక్కువైందని మురిసిపోయింది ఆర్డిస్. ఇప్పుడు ఆ మాట విన్నాక, అతని చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

“లే,” అంది చివరికి. “ట్రూడీకి ఏమీ చెప్పక్కర్లేదు. నా ముక్కు బాగానే ఉందిగా. నేనొస్తా.”

“నువ్వా? నలభై ఆరేళ్ళు నిన్ను గుమ్మం దాటనివ్వలేదు నేను!”

“అందుకే గుమ్మం దాటకుండానే నీ కొంప ముంచా. తీసుకెళ్ళుంటే నేర్చుకునేదాన్ని.”

తొడుగులు పొయ్యిలోకి పోయాయి. ఉచ్చులన్నీ సేజ్ ఆకుతో మళ్ళీ ఉడికాయి. ఆర్డిస్ వంటసోడాతో తల కూడా రుద్దుకుని, హాల్వర్ పాత పనిబట్టలు చేతులూ కాళ్ళూ మడిచి వేసుకుంది. అద్దంలో చూసుకుంటే పంటచేలో దిష్టిబొమ్మలా ఉంది. హాల్వర్ మాత్రం పెళ్ళికూతుర్ని చూసినట్టు చూశాడు.

ఈతలకి పన్నెండు రోజులే ఉంది. ఆరు చోట్లకి టైము లేదు, మూడే పెడదామన్నాడు. ముందు మాంసం ఎంచాలి. చల్లటి కొట్టంలో ముక్కలన్నీ వరసగా పేర్చి ఉన్నాయి.

“ఇది ఇంకా పచ్చిగానే ఉంది,” అంది ఆర్డిస్ ఒక్కొక్కటీ వాసన చూస్తూ. “ఇది మరీ కుళ్ళింది. ఇదిగో, ఈ మెడ ముక్క... మీ అమ్మ చేసే పాత జున్నులా ఉంది.”

“అదే! సరిగ్గా అదే కావాలి!”

“పాపం, ఆవిడ జున్ను ఇన్నాళ్ళకి పనికొచ్చిందన్నమాట.”

“పోయినావిడ్ని వదిలెయ్యవే తల్లీ.”

ట్రూడీ పొలంలో హాల్వర్ పికప్ బండి దూరంగా ఆపాడు. గాలి మొహానికి తగిలేలా నడిపించాడు ఆమెని. ఎరకోసం కయోటీ దారి మార్చుకోదని, మనమే దాని దారి పక్కకి వెళ్ళాలని చెప్పాడు. రెండు వాగులు కలిసే చోట మట్టి మీద అడుగులు చూపించాడు. ఇక్కడ గాలి ఎక్కువగా వాయవ్యం నుంచి వస్తుంది. కాబట్టి ఎర దారికి ఆ వైపున ఉండాలి, వాసన వచ్చి దారి మీద పడాలి. కయోటీ తిన్నగా ఎర మీదికి పోదు, గాలి ఎదురొచ్చే వైపుకి చుట్టి వస్తుంది. అందుకని ఉచ్చు ఎర దగ్గర కాదు, అది చుట్టి వచ్చే దారిలో పెట్టాలి. ఒక్కో మాట చెబుతుంటే అతని గొంతులో జనవరి నుంచి లేని హుషారు వినిపించింది. ఇంత తెలిసినవాడు ముక్కు పోతే పనికిరానని ఎలా అనుకున్నాడా అని ఆర్డిస్‌కి జాలేసింది, ఒళ్ళూ మండింది.

మూడో చోటు దగ్గర పోట్లాట వచ్చింది. హాల్వర్ కంచె మూల దగ్గర ఆగి, ఇంతకన్నా మంచి చోటు దేశంలో లేదన్నాడు. రెండు దారులు కలుస్తున్నాయి, ఎత్తు మీద ఉంది, గడ్డి దుబ్బు కూడా ఉంది.

“ఇక్కడొద్దు,” అంది ఆర్డిస్.

“ఎందుకొద్దు? పదేళ్ళలో ఇక్కడ పదకొండు పట్టా.”

“డీజిల్ వాసనొస్తోంది.”

“ఎక్కణ్ణుంచి? చుట్టూ మైలు దూరం బండే లేదు.”

ఆర్డిస్ మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి దుబ్బు పక్కన మట్టి గీకింది. నల్లటి మరక బయటపడింది. శరదృతువులో ట్రూడీ ట్రాక్టరు ఆపినప్పుడు కారి ఉంటుంది. హాల్వర్ ఆ మరక వైపు చాలాసేపు చూశాడు. ఆమె లేకపోతే అక్కడే పెట్టేవాడు. చోటు నలభై గజాలు పైకి మారింది. 

ఐదు రోజులు ఎరని ఊరికే వదిలేశారు. ఆరో రోజు ఉచ్చులు పెట్టారు. కాన్వాసు గుడ్డ మీద మోకరిల్లి అతను గుంట తవ్వితే, జల్లెడ పట్టిన పొడిమట్టి ఆమె అందించింది. దుబ్బు కింద ఎలక కన్నంలాంటి చిన్న రంధ్రంలో స్కంక్ సీసాలోంచి ఒక చుక్క వేసింది. అతని చేతులు ఎక్కడా తడబడలేదు. తిరిగి వస్తూ బండిలో అంది, “ఎవరితోనూ అనకు. నేను నీ వెనక నిలబడతా, నువ్వే వాసన చూసినట్టు తలాడించు. లోకానికి ఏం తెలుస్తుంది?”  హాల్వర్ మొహం తేలికపడింది.

మొదటి ఉచ్చు రెండో రోజే పనిచేసింది. తర్వాత నాలుగు రోజుల్లో ఇంకో మూడు పడ్డాయి. చివరిది ఆ డీజిల్ మరక పక్కకి మార్చిన చోట, మార్చి పంతొమ్మిది పొద్దున్న పడింది. ముసలి ఆడ కయోటీ. ఒక కోర విరిగి ఉంది. కిందటేడు చచ్చిన పిల్లల మెడల మీద హాల్వర్ చూసింది ఆ ఒంటి కోర గాటే. అతను ఒక్క గుండుతో పని ముగించి, టోపీ తీసి కాసేపు నిలబడ్డాడు. అది అతని పద్ధతట. నలభై ఆరేళ్ళలో ఆర్డిస్‌కి ఆ సంగతే తెలీదు. ఆమెకి సంతోషమేసింది, దుఃఖమూ వేసింది. ఏది ఎక్కువో చెప్పలేకపోయింది.

కళేబరం తీసుకుని ట్రూడీ ఇంటికి వెళ్ళేసరికి కొట్టం ముందు ఆల్విన్ కూడా ఉన్నాడు. వాగు అవతల ఆరు వందల గొర్రెల ఆసామి. హాల్వర్ తర్వాత వెళ్ళాల్సింది అతని పొలానికే. ట్రూడీ ఆ విరిగిన కోర చూసింది. చేత్తో నోరు మూసుకుని, హాల్వర్‌ని గట్టిగా కౌగిలించుకుంది.

“ఏం ముక్కయ్యా నీది!” అన్నాడు ఆల్విన్. “ఈ వయసులో కూడా! దాన్ని మ్యూజియంలో పెట్టాలి.”

ఆర్డిస్ ఒక అడుగు వెనక్కి తగ్గి నేల చూసింది. తలాడిస్తే సరిపోయేది.

హాల్వర్ టోపీ రెండు చేతులతో పట్టుకున్నాడు. “నా ముక్కు పోయింది, ఆల్విన్. జనవరిలోనే. ఇప్పుడు నా మొహాన పేడ కొట్టినా తెలీదు. ముందు పెట్టిన ఆరు చోట్లూ పాడు చేశా. ఇప్పుడు పడ్డవన్నీ ఆర్డిస్ చలవ.”

సబ్బు మాట ఎత్తలేదు. ఆరు చోట్లూ తనే నెత్తిన వేసుకున్నాడు. ఆర్డిస్ నోరు తెరవబోతే మోచేత్తో పొడిచాడు.

 ఆల్విన్ గడ్డం గోక్కుని, హాల్వర్‌ని దాటి ఆమె వైపు చూశాడు. “అయితే ఆర్డిస్, సోమవారం నువ్వు ఖాళీయేనా?”

హాల్వర్ టోపీ నెత్తిన పెట్టుకుని బండి వైపు తిరగబోవడం ఆర్డిస్ చూసింది.

“నాకు తెలిసింది వాసన ఒక్కటే, ఆల్విన్,” అంది. “కయోటీ ఎక్కడ అడుగేస్తుందో ఈయనకి తెలుసు. నేనొక్కదాన్నే వస్తే నీ పొలమంతా వాసన చూసుకుంటూ తిరుగుతా, నువ్వు నవ్వుకోవచ్చు. కావాలంటే ఇద్దరం వస్తాం. లేకపోతే ఇద్దరం ఇంట్లో కూర్చుంటాం.”

“ఇద్దర్నీ రమ్మనే అంటున్నా తల్లీ! కాస్త మాట పూర్తి చెయ్యనివ్వు,” అన్నాడు ఆల్విన్. నిజంగా అలాగే అనబోయాడో, మాట మార్చాడో ఆ దేవుడికే తెలియాలి.

అంతలో కొట్టంలోంచి గొర్రె అరుపు వినిపించింది. ఒక గొర్రె ఒకరోజు ముందే ఈనింది. ట్రూడీ లోపలికి పరిగెత్తి, ఇంకా తడారని పిల్లని గోనెపట్టాలో చుట్టి పట్టుకొచ్చి ఆర్డిస్ చేతుల్లో పెట్టింది. ట్రూడీ పట్నం మాట ఎత్తలేదు. గొర్రెపిల్లకి పేరేం పెట్టాలా అని అడిగింది, అడిగి జవాబు వినకుండానే తల్లి గొర్రె దగ్గరికి మళ్ళీ పరిగెత్తింది.

హాల్వర్ దగ్గరికొచ్చి గొర్రెపిల్ల తల మీద మొహం ఆనించాడు. గట్టిగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. తల ఎత్తి ఆర్డిస్ వైపు చూసిన చూపు ఆమె తట్టుకోలేకపోయింది.

“ఎలా ఉంది?” అని అడిగాడు మెల్లగా, ఆల్విన్‌కి వినపడకుండా.

ఆర్డిస్ గొర్రెపిల్ల మెడ దగ్గర ముక్కు పెట్టింది. ఇలాంటివి మాటల్లో చెప్పడం ఆమెకి ఎప్పుడూ అలవాటు లేదు.

“తడి ఉన్ని,” అంది ఆలోచించుకుంటూ. “వేడి పాలు. కొంచెం తుప్పులా, నెత్తురు వాసన. ఎండుగడ్డి. తల్లి నాకింది కదా, దాని నోటి వాసన కూడా ఉంది.”

హాల్వర్ కళ్ళు మూసుకున్నాడు.

“ఇంకా చెప్పు,” అన్నాడు.